తొట్టి తేలికే... తూమే కష్టం!

స్నానాలగదిలో షవర్‌ ట్రే తీసేసి, అక్కడ బాత్‌టబ్‌ పెట్టించాలి. వినడానికి రెండ్రోజుల పనిలా ఉంటుంది. కొత్త కాలనీల్లో అయితే దాదాపు అంతే. అదే ఇల్లు శాలిబండలోనో, లాల్‌దర్వాజాలోనో, గౌలిపురా గల్లీలోనో ఉంటే మాత్రం టబ్బు సంగతి తర్వాత... ముందు గడప దగ్గర నిలబడి బయటికి చూడాలి. గల్లీ ఎత్తెంత, ఇల్లు పల్లమెంత? ఆ లెక్క తేలాకే తొట్టి కొనాలి!

పాతబస్తీలో చాలా ఇళ్లకు స్నానాలగది ఆలస్యంగా వచ్చిన చుట్టమే. ఒకప్పుడు పెరట్లో బండలు పరిచిన జలదారి, ఓ పక్కన పొయ్యిమీద రాగి కాగు, మరోపక్క గోలెం నిండా చన్నీళ్లు. ఉర్దూ మాట్లాడే ఇళ్లలో అది గుసల్‌ఖానా. ఎవరింట్లో అయినా వాడిన నీళ్లు గోడకున్న తూములోంచి బయటి మోరీలో పడేవి. తర్వాత కుళాయి వచ్చింది, గీజరు వచ్చింది, షవరు వచ్చింది. గల్ఫ్‌ వెళ్లొచ్చినవాళ్ల ఇళ్లలో ఓ మూలన మూడడుగుల ట్రే కూడా చేరింది. ట్రే అంటే ఏమీ లేదు, నీళ్లు గదంతా చిమ్మకుండా పట్టే నాలుగంగుళాల పళ్లెం. ఇప్పుడు ఆ పళ్లెం స్థానంలోకి అయిదున్నర అడుగుల తొట్టి వస్తానంటోంది. మార్పు చిన్నదే. కానీ ఆ ఇంటి గోడలకీ, గల్లీ కింది గొట్టానికీ అది చిన్నది కాదు.

రాజుల కాలం నాటి గొట్టాలు

నీళ్లను పైకెక్కించడం, కిందికి దించడం ఈ నగరానికి కొత్త విద్యేమీ కాదు. గోల్కొండ కోటలో మెట్టుకో తొట్టి కట్టి, చక్రాలతో నీళ్లు తోడి, మట్టిగొట్టాల్లో మహళ్లకు పంపారు. కోటకు కాస్త దూరంలో ఉన్న కుతుబ్‌షాహీ సమాధుల ప్రాంగణంలో 16వ శతాబ్దపు హమామ్‌ ఒకటుంది. రాజకుటుంబీకుల పార్థివదేహాలకు చివరి స్నానం అక్కడే చేయించేవారని చెబుతారు. వేన్నీళ్లకూ చన్నీళ్లకూ వేర్వేరు ఏర్పాట్లు, గోడల్లో గొట్టాలు... చూస్తే ఈనాటి ప్లంబర్‌ కూడా కాసేపు ఆగిపోతాడు.

1591లో కట్టిన చార్మినార్‌కీ నీళ్లతో చుట్టరికం ఉంది. 1660ల్లో ఇటు వచ్చిన ఫ్రెంచి యాత్రికుడు థెవెనో ఓ విషయం రాశాడు... చార్మినార్‌ పైకి నీళ్లు ఎక్కించేది అక్కణ్నుంచి రాజమహల్‌లోని పై అంతస్తులకు అందించడానికేనట. అంటే ఓవర్‌హెడ్‌ ట్యాంకు అన్నమాట! అయితే ఈ యాత్రికులెవరూ వాడిన నీళ్లు ఎటు పోయేవో పెద్దగా పట్టించుకోలేదు. నీళ్లు ఎలా వస్తాయో చూసి అందరూ అబ్బురపడతారు. ఎలా పోతాయో చూడాలని ఎవరికీ అనిపించదు. టబ్బు కొనేవాళ్లదీ అదే వరస.

గల్లీ ఎదిగింది... ఇల్లు దిగింది!

పాతబస్తీ గల్లీల్లో నడిస్తే ఒక వింత కనిపిస్తుంది. ఒకప్పుడు రెండు మూడు మెట్లెక్కి లోపలికి వెళ్లే ఇళ్లలోకి ఇప్పుడు ఒక మెట్టు దిగి వెళ్లాలి. కారణం తెలిసిందే. సీసీ రోడ్డు వేసిన ప్రతిసారీ పాతదాన్ని తవ్వకుండా దానిమీదే ఇంకో పొర పోస్తూపోయారు. రోడ్డు జానెడు జానెడు పెరిగింది, ఇల్లు ఎక్కడిదక్కడే ఉండిపోయింది. నీళ్లకేమో పల్లం తప్ప మరో దారి తెలియదు.

అందుకే పనిలో మొదటి పనిముట్టు సుత్తి కాదు, మేస్త్రీ దగ్గరుండే ట్యూబ్‌ లెవెల్‌. పారదర్శకంగా ఉండే సన్నటి ప్లాస్టిక్‌ గొట్టంలో నీళ్లు పోసి ఒక కొసను స్నానాలగదిలో, రెండో కొసను ఇంటి బయటున్న ఛాంబర్‌ దగ్గర పట్టుకుంటారు. రెండువైపులా నీటి మట్టం ఒకటే కాబట్టి ఏది ఎత్తో ఏది పల్లమో తేలిపోతుంది. ఛాంబర్‌ మూత తీసి, లోపల గొట్టం అడుగు ఎంత లోతులో ఉందో కూడా కొలవాలి. మూత ఎత్తు చూసి సంబరపడితే లాభంలేదు.

ఇక లెక్క. టబ్బు నుంచి గోడ బయటికి ఎనిమిది అడుగుల దూరం ఉందనుకోండి. ఒకటిన్నర అంగుళాల గొట్టానికి అడుగుకు పావు అంగుళం వాలు ఇస్తే రెండంగుళాలు. అక్కణ్నుంచి గల్లీలోని మ్యాన్‌హోల్‌కి ఇరవై అడుగులుంటే, నాలుగంగుళాల గొట్టాన్ని నలభైకి ఒకటి చొప్పున వాల్చినా ఇంకో ఆరంగుళాలు. మధ్యలో గల్లీ ట్రాప్‌, ఛాంబర్‌లకు కొంత. మొత్తంమీద స్నానాలగది నేలకంటే గల్లీ గొట్టం కనీసం ఓ అడుగు లోతులో ఉంటేనే టబ్బు సాఫీగా ఖాళీ అవుతుంది. లేకపోతే రెండే దారులు. ఇంటి గొట్టాల్ని మళ్లీ వేయించుకోవాలి, లేదా టబ్బును గట్టుమీద ఎక్కించాలి. రెండోది వినడానికి బాగానే ఉంటుంది కానీ, టబ్బు అంచు ఎలాగూ అడుగున్నర పైమాటే. దానికి గట్టు కూడా తోడైతే మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మ అందులోకి దిగేదెలా?

ఫలక్‌నుమా ప్యాలెస్‌కి ఈ బాధ లేదు. 1884లో పునాది పడ్డ ఆ మహల్‌ గుట్టమీద ఉంది. అక్కడ ఏ తొట్టి తూము లాగినా నీళ్లు కిందికే. చిక్కంతా ఆ గుట్ట కిందున్న బస్తీలదే.

ట్రేకి సరిపోయింది టబ్బుకి చాలదు

‘ఇన్నాళ్లూ షవర్‌ నీళ్లు పోతూనే ఉన్నాయిగా, ఆ గొట్టానికే టబ్బునీ తగిలిస్తే సరి’ అనుకోవడం సహజం. అసలు తిరకాసు ఇక్కడే ఉంది. షవర్‌ నుంచి నిమిషానికి వచ్చేది ఎనిమిది పది లీటర్లు. అవి వచ్చినవి వచ్చినట్టే వెళ్లిపోతుంటాయి. టబ్బు అలా కాదు. నూట యాభై లీటర్లు పట్టుకుని కూర్చుంటుంది. బిరడా లాగగానే నిమిషానికి నలభై యాభై లీటర్ల చొప్పున ఒక్కసారిగా వదులుతుంది. నాలుగైదు రెట్లన్నమాట! ఏళ్ల తరబడి సబ్బు నురగ, వెంట్రుకలు పేరుకుని సగం పూడిన గొట్టం షవర్‌ ధారని మోయగలదు. టబ్బు ధాటికి మాత్రం చేతులెత్తేస్తుంది. అప్పుడా నీళ్లు పక్క స్నానాలగదిలోని నహానీ ట్రాప్‌లోంచి పైకి తన్నుకొస్తాయి.

కాబట్టి ట్రేని ఊడదీసిన రోజే కింద గొట్టం ఏమిటో చూడాలి. ఒకటింబావు అంగుళాలదైతే తీసేసి ఒకటిన్నర అంగుళాలది వేయాలి. దారి దూరమైతే రెండంగుళాలదైతే ఇంకా నయం. మలుపుల దగ్గర నిలువుగా విరిగే మోచేతి మలుపుల బదులు వంపు తిరిగినవి వాడితే అడ్డుపడటం తగ్గుతుంది. ట్రే తూము ఒకచోట ఉంటుంది, టబ్బు తూము సాధారణంగా కుళాయిల వైపు కొసన ఉంటుంది. రెండూ ఒకేచోట కలిసిరావడం అదృష్టమే. అందుకే కొనేముందే టబ్బు తూము కుడివైపు ఉండాలా, ఎడమవైపు ఉండాలా అన్నది దుకాణంలో చెప్పాలి. ఇంటికొచ్చాక తిప్పి పెడదామంటే కుళాయిలు కాళ్లవైపు కాకుండా తలవైపుకొస్తాయి!

టబ్బుకు రెండు కన్నాలుంటాయి. అడుగున ఒకటి, అంచుకు కాస్త కింద మరొకటి. ఈ రెండోది ఓవర్‌ఫ్లో. ఫోన్‌ మోగి కుళాయి కట్టేయడం మర్చిపోయినప్పుడు కాపాడేది అదే. రెండు కన్నాల గొట్టాలూ కింద కలిసి ఒకే ట్రాప్‌లోకి వెళ్లాలి. ఓవర్‌ఫ్లో దగ్గర రబ్బరు వాషర్‌ సరిగ్గా కూర్చోకపోతే నీళ్లు టబ్బు వెనక్కి కారతాయి. ఆ సంగతి నెలల తర్వాత గోడ చెమ్మగిల్లితేగానీ తెలియదు.

రెండంగుళాల నీళ్ల తలుపు

స్నానాలగదిలోకి మురుగు వాసన ఎందుకు రాదు? గొట్టంలో వంపు తిరిగినచోట ఎప్పుడూ నిలిచి ఉండే రెండంగుళాల నీళ్ల వల్ల. అదే ట్రాప్‌. ఈ చిన్న వంపుకి 1775లో లండన్‌లో పేటెంట్‌ తీసుకున్నవాడు అలెగ్జాండర్‌ కమింగ్‌. వృత్తిరీత్యా గడియారాలు చేసేవాడు! మురుగుగొట్టంలోని వాయువుకీ ఇంటికీ మధ్య ఇప్పటికీ ఉన్న అడ్డుగోడ ఆ గుక్కెడు నీళ్లే.

మన ఇళ్లలో ఇది సాధారణంగా నేలలో దాగున్న నహానీ ట్రాప్‌ రూపంలో ఉంటుంది. పాత ట్రే నీళ్లు ఆ ట్రాప్‌లోకే పోతుంటే టబ్బు గొట్టాన్నీ అందులోకే కలపొచ్చు. అప్పుడు టబ్బు కింద ఇంకో ట్రాప్‌ పెట్టకూడదు. రెండుంటే మంచిదేగా అనిపిస్తుంది. కానీ రెండింటి మధ్యా గాలి చిక్కుకుపోయి నీళ్లు కదలక, గుటుక్కు గుటుక్కుమంటూ అరగంటసేపు పోతాయి. నహానీ ట్రాప్‌ లేకుండా ట్రే గొట్టం నేరుగా బయటికి వెళ్తుంటే మాత్రం టబ్బుకు సొంత ట్రాప్‌ తప్పనిసరి. టబ్బు కాళ్లమీద నిలబడినా కింద నాలుగైదంగుళాలకు మించి చోటుండదు కాబట్టి, ఎత్తు తక్కువ ట్రాప్‌ అడిగి తీసుకోవాలి.

ఇంకో చిక్కు. వాష్‌బేసిన్‌ కూడా అదే గొట్టంలో కలిసి ఉంటే, టబ్బు నీళ్లు ఒక్కసారిగా పరుగెడుతూ బేసిన్‌ ట్రాప్‌లోని నీళ్లను కూడా లాక్కుపోతాయి. తలుపు తెరుచుకున్నట్టే! గాలి ఆడేందుకు నిలువు గొట్టం ఒకటి కప్పుపైదాకా ఉంటే ఈ ఇబ్బంది రాదు.

స్నానాలగది నీళ్లు గోడ బయట గల్లీ ట్రాప్‌లో పడి, అక్కణ్నుంచి ఛాంబర్‌కి వెళ్లాలి. వాటిని గల్లీలోని వాననీటి కాలువలోకి వదిలేయడం పాత అలవాటు. కప్పుమీది వాననీళ్లను మురుగు గొట్టంలోకి కలిపేయడం ఇంకో అలవాటు. రెండూ తప్పే. రెండోది మరీ ప్రమాదం. వాన పడ్డప్పుడల్లా మ్యాన్‌హోళ్లు పొంగేది ఇలాంటి కలయికల వల్ల కూడా. 2020 అక్టోబరులో కురిసిన కుండపోతకి పాతబస్తీలోని ఎన్నో కాలనీల్లో ఇళ్లు నీట మునిగాయి. అలాంటి వేళ నీళ్లు వాకిలి నుంచే రానక్కర్లేదు, స్నానాలగది తూములోంచీ వస్తాయి. పల్లపు ఇళ్లలో ఛాంబర్‌ దగ్గర నీటిని ఒకవైపే వదిలే నాన్‌రిటర్న్‌ వాల్వు పెట్టించేది అందుకే. అయితే అది మూసుకున్నప్పుడు బయటి నీళ్లు లోపలికి రావు, లోపలివి బయటికీ పోవు. జోరువానలో టబ్బు బిరడా లాగకూడదన్నమాట.

మేడమీద పెడతారా?

కింద గదిలో వాలు కుదరనప్పుడు చాలామందికి మేడ గుర్తొస్తుంది. ఎత్తునుంచి నీళ్లు దిగడం తేలికే. కానీ అక్కడ బరువు లెక్క చూడాలి. అక్రిలిక్‌ టబ్బు ముప్ఫై కిలోలు, నీళ్లు నూట యాభై, మనిషి డెబ్భై. మొత్తం రెండొందల యాభై కిలోలు టబ్బు వైశాల్యమంతా పరుచుకుంటే చదరపు మీటరుకి దాదాపు 200 కిలోలు. నివాసాల నేలలకు ఇంజినీర్లు మామూలుగా లెక్కలోకి తీసుకునే బరువు కూడా అంతే. చుట్టూ ఇటుకగోడ కట్టి టైల్స్‌ అతికిస్తే ఆ బరువు అదనం. పోతఇనుప టబ్బయితే అదొక్కటే వంద కిలోలు దాటుతుంది.

కాంక్రీటు శ్లాబుకి ఇది పెద్ద విషయం కాకపోవచ్చు. పాతబస్తీలోని పాత మిద్దెలు వేరు. టేకు దూలాలమీద ఇటుకలు పేర్చి సున్నం దట్టించినవి కొన్ని, ఇనుప దూలాల మధ్య ఇటుక కమానులు కట్టినవి కొన్ని. వాటికి బరువుకంటే పెద్ద శత్రువు చెమ్మ. ఒక్క జాయింటు నుంచి రోజుకో గ్లాసుడు నీళ్లు కారినా చాలు... దూలం కొస గోడలో దాగినచోట మెల్లగా పుచ్చిపోతుంది. కింద గదిలో పెచ్చులు రాలేదాకా ఎవరికీ తెలియదు. ఇలాంటి మిద్దెమీద టబ్బు పెట్టాలంటే స్ట్రక్చరల్‌ ఇంజినీరు చూడాల్సిందే. ప్లంబర్‌ ‘ఏం కాదు సాబ్‌’ అన్నా సరే!

ఏ అంతస్తయినా ట్రే తీశాక బయటపడే నేలను అలాగే వదలకూడదు. పగుళ్లు పూడ్చి, వాటర్‌ప్రూఫింగ్‌ పూత నేలకీ, అడుగెత్తుదాకా గోడలకీ వేయాలి. ఆరాక తూము మూసేసి రెండంగుళాల నీళ్లు నింపి ఒక రోజంతా ఉంచాలి. కిందనో, పక్క గోడలోనో చెమ్మ కనిపించకపోతేనే టబ్బు దించాలి.

మూసీ దాకా...

పాతబస్తీ నీళ్లన్నీ చివరికి మూసీ దారి పట్టేవే. 1908 సెప్టెంబరు 28న ఆ మూసీయే నగరంమీద పడింది. వేలమంది చనిపోయారు. ఆ మరుసటి ఏడాది నిజాం సర్కారు పిలుపుమేరకు మోక్షగుండం విశ్వేశ్వరయ్య వచ్చారు. ఆయన పేరు చెబితే మనకు వరదలను ఆపే జలాశయాలే గుర్తొస్తాయి. 1920లో ఉస్మాన్‌సాగర్‌, 1927లో హిమాయత్‌సాగర్‌ పూర్తయ్యాయి. కానీ ఆయన చేతిలోని రెండో పని నగరానికి మురుగుపారుదల. భూమికింద గొట్టాలు వేసి ఇళ్ల మురుగును నగరం దాటించాలన్న ఆ పథకం 1930ల తొలినాళ్లకు రూపు దిద్దుకుంది. 1931 జనాభా లెక్కల ప్రకారం అప్పుడు హైదరాబాద్‌లో ఉన్నది నాలుగున్నర లక్షల పైచిలుకు జనం. 2011కల్లా మహానగరపాలిక పరిధిలో 67 లక్షలు దాటారు. ఆనాటి ఇంట్లో మనిషికో రెండు బకెట్లు. ఈనాటి ఇంట్లో షవరు, వాషింగ్‌మెషీను, ఇప్పుడు టబ్బు!

పాత గొట్టాలమీద పడ్డ ఈ భారం ఎవరో ఒకరు మోయాల్సిందే. ఇన్నేళ్లూ మ్యాన్‌హోళ్లలోకి దిగిన కార్మికులు మోశారు, కొందరు ఊపిరాడక ప్రాణాలూ పోగొట్టుకున్నారు. రక్షణ ఏర్పాట్లు లేకుండా మనుషుల్ని అలా దించడాన్ని 2013 చట్టం నిషేధించింది. పెద్ద యంత్రాలేమో ఇరుకు గల్లీల్లోకి రావు. అందుకే 2017లో జలమండలి 70 మినీ జెట్టింగ్‌ యంత్రాలను రంగంలోకి దింపింది. పాతబస్తీలాంటి చోట్ల మలుపు తిరగగలిగేంత చిన్న వాహనాలవి. మురుగు మూసీలో కలిసేముందు శుద్ధిచేసే అంబర్‌పేట కేంద్రం సామర్థ్యం రోజుకి 33.9 కోట్ల లీటర్లు.

అన్నట్టు, గొట్టాలు పూడేది ఇసుకతో, ప్లాస్టిక్‌తోనే కాదు. పండగపూట తలంటు గుర్తుందిగా? ఒంటికి పట్టించిన నువ్వులనూనె, రుద్దుకున్న నలుగుపిండి, కుంకుడు పిప్పి... వేన్నీళ్లతో జారి గొట్టంలోకి వెళ్తాయి. చల్లబడ్డాక నూనె పిండితో కలిసి ముద్దలా గోడలకి అంటుకుంటుంది. తలంట్లు కింద జలదారి దగ్గర, తొట్టి స్నానాలు తొట్టిలో అని విడగొట్టుకుంటే ట్రాప్‌ బతుకుతుంది. టబ్బు తూముమీద వెంట్రుకలు పట్టే చిన్న జల్లెడ కూడా వందకి వందపాళ్లు పనికొస్తుంది.

నీళ్లు, వేడి... రెండూ చాలాలి

ఇంట్లో ఉన్నది 25 లీటర్ల గీజరైతే టబ్బు నిండదు. అరవై డిగ్రీల వేడినీళ్లు పాతిక లీటర్లను మామూలు నీళ్లతో కలిపి ఒంటికి పట్టే నలభై డిగ్రీలకు తెస్తే వచ్చేది యాభై అరవై లీటర్లే. అంటే మూడోవంతు టబ్బు! మిగతాది కాగేలోపు మొదటిది చల్లారిపోతుంది.

నీళ్ల ఖర్చూ చూడాలి. జాతీయ భవన నియమావళి మనిషికి రోజంతటికీ కలిపి లెక్కగట్టేది 135 లీటర్లు. ఒక్క టబ్బు స్నానానికే 150 పోతాయి. 2021 జనవరిలో మొదలైన ఉచిత నీటి పథకంలో ఇంటికి నెలకిచ్చేది 20 వేల లీటర్లు. ఇంట్లో ఒక్కరు రోజూ టబ్బు నింపినా నాలుగున్నర వేల లీటర్లు అటే. కుళాయి రోజు విడిచి రోజు వచ్చే గల్లీల్లో ఆ లెక్క ఇంకా బాగా తెలుస్తుంది. ఆదివారానికో తొట్టి స్నానం, మిగతా రోజులు షవరు అనుకునేవాళ్లు టబ్బుమీదే షవర్‌ ఉంచుకుంటే రెండూ కుదురుతాయి. పెద్దవాళ్లుంటే గోడకు పట్టుకోవడానికి కడ్డీ, టబ్బు అడుగున జారని మ్యాటు తప్పనిసరి. తువ్వాలు తగిలించే కడ్డీ మనిషి బరువుని ఆపదు.

ఇక చివరి పనులు. టబ్బు అంచుకీ గోడకీ మధ్య సిలికాన్‌ పూసేముందు టబ్బును నీళ్లతో నింపాలి. బరువుకి అది అర మిల్లీమీటరైనా దిగుతుంది. ఖాళీగా ఉన్నప్పుడు పూస్తే మొదటి స్నానానికే సందు విడుతుంది. టబ్బు పక్క పలకను టైల్స్‌తో పూర్తిగా మూసేయకుండా, ట్రాప్‌కి చెయ్యి అందేలా చిన్న తలుపు వదలాలి. లేదంటే ఎప్పుడో ఒకరోజు అయిదు వందల పనికి అయిదు వేల టైల్స్‌ పగలగొట్టాలి.

మేస్త్రీకి డబ్బులిచ్చేముందు పరీక్ష ఒకటుంది. దానికి ముగ్గురు కావాలి. టబ్బును ఓవర్‌ఫ్లో దాకా నింపి, ఆ కన్నంలోంచి నీళ్లు పోనిచ్చి, బిరడా లాగేవాళ్లు ఒకరు. టార్చిలైటు పట్టుకుని కింద జాయింట్లకు పాత న్యూస్‌పేపరు ఆనించి చూసేవాళ్లు ఒకరు. చెమ్మ ఇట్టే కనిపిస్తుంది. మూడోవాళ్లు గల్లీలో ఛాంబర్‌ మూత తీసి నిలబడాలి. నీళ్లు మెరుస్తూ వచ్చి ఆగకుండా అవతలికి వెళ్లిపోవాలి. ఛాంబర్‌లో మట్టం పెరుగుతూ గొట్టం నోటిదాకా వస్తోందంటే, మేస్త్రీని కూర్చోబెట్టి ఇంకో చాయ్‌ పోయాల్సిందే. పని ఇంకా ఉంది మరి!